మానవపాడు గుంటలో చచ్చిన చేపలు, నాగర్‌కర్నూల్‌లో ఉన్న తమ్ముడు

మొన్న జనవరిలో ఒక మధ్యాహ్నం క్లాసు ముగించుకుని స్టాఫ్ రూమ్‌కు వచ్చేసరికి ఫోన్‌లో రహమత్ బీ పేరుతో వరసగా మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఈ ప్రయాణానికి కారణం అవే. నేను హైదరాబాద్‌లో చేపల పెంపకం నేర్పే ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. నా పనంతా చేప కడుపుతోనే. ఏ చేపకు పేగు ఎంత పొడవుంటుంది, ఏ ఎంజైము పిండి పదార్థాన్ని అరిగిస్తుంది, ఏది మాంసకృత్తులను, ఏది కొవ్వును అరిగిస్తుంది, ఏ మేత ఒంటికి పడుతుంది, ఏది పడదు అన్నవే నేను చెప్పే సంగతులు. రహమత్ బీది జోగులాంబ గద్వాల జిల్లాలో మానవపాడు దగ్గర ఒక పల్లె. భర్త మహబూబ్‌తో కలిసి సొంత పొలంలో తవ్వించిన గుంటలో చేపలు పెంచుతుంది. రెండేళ్ళ క్రితం మా కాలేజీలో రైతులకు శిక్షణ పెట్టినప్పుడు వచ్చి, ముందు వరసలో కూర్చుని, అందరికంటే ఎక్కువ ప్రశ్నలడిగిన మనిషి. అప్పటి నుంచీ పండగలకు ఫోన్ చేసి పలకరిస్తూనే ఉంది.

నేను తిరిగి ఫోన్ చేయగానే, "మేడమ్, మళ్ల చేపలు తేలుతున్నయి" అంది. మళ్ళీ అంటే ఏమిటని అడిగాను. నిరుడు ఇలాగే జరిగినప్పుడు నాకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది.

"నిరుడు గూడ ఈ చలి దినాలల్లనే సచ్చినయి. మా మరిది ఖాజా మిరపతోటకు మందు కొట్టి, మాపటికి డబ్బా గుంట కాడ కడిగిండు. పొద్దుగాల లేచి చూస్తే తెల్లగ తేలినయి. ఆయనే కావాలని కలిపిండని మా ఆయన ఊరి నడుమ కాలర్ పట్టి కొట్టిండు. పంచాయతి గూడ అయింది. ఖాజా మాట ఎవ్వరు నమ్మలే. ఖాజా పెండ్లాన్ని తీసుకొని ఆమె తల్లిగారి ఊరు నాగర్‌కర్నూల్ పోయిండు. ఆమెకు అప్పుడు ఏడో నెల. ఏడాదైంది మేడమ్, అన్నదమ్ములు మొఖాలు చూసుకోలే. ఇప్పుడు ఖాజా ఈడ లేడు. మరి ఈసారి ఎవరు కలిపిండ్రు?"

అప్పుడే చనిపోయిన చేపలు నాలుగైదు ఐసులో పెట్టమని, మిగతావి పూడ్చినా ఫరవాలేదని చెప్పాను. మర్నాడు సెలవు పెట్టాను.

కర్నూలు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ బస్సు తెల్లవారకముందే దొరికింది. ఆడవాళ్ళకు మన రాష్ట్రం సరిహద్దు దాకా జీరో టికెట్టే. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు. నా చేతిలో ఒక థర్మాకోల్ పెట్టె, అందులో ఐసు, గాజు సీసాలు, కత్తెరలు, నీటిలో ప్రాణవాయువు ఎంత ఉందో కొలిచే చిన్న కిట్టు ఉన్నాయి. జడ్చర్ల దాటాక పక్క సీటులోకి ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. గద్వాలలో చీరలు నేసే ఇంటి మనిషి, బంధువుల ఇంటి నుంచి తిరిగి వెళుతోంది. పెట్టెలో ఏముందని అడిగింది. చేపల కోసమని చెప్పాను.

"ఈ చలికి చేపలేం బతుకుతయమ్మా, మనుషులమే బతుకలేకున్నం" అంది శాలువా సర్దుకుంటూ. "మా ఇంట్ల గుంట మగ్గం. పొద్దుగాల అండ్ల కాళ్ళు పెట్టి కూసుంటే మోకాళ్ళ దాక తిమ్మిరెక్కుతయి. ఎండ వచ్చినంకనే నేత."

కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి వంతెన మీదికి వచ్చేసరికి తెల్లారి చాలాసేపైంది. కానీ సూర్యుడి జాడ లేదు. కింద కృష్ణ మీద పొగమంచు ఇంకా కదలలేదు. బస్సులో సగం మంది ఆంజనేయస్వామి గుడి వైపు తిరిగి దండం పెట్టుకున్నారు. పెద్దావిడ ఎర్రవల్లి చౌరస్తాలో గద్వాల బస్సు కోసం దిగిపోయింది. నేను ఇంకాస్త ముందుకు వెళ్ళి, మానవపాడుకు తిరిగే దారి దగ్గర దిగాను. అక్కడి నుంచి పల్లెకు ఆటో మాట్లాడుకున్నాను. రెండు వందలు అడిగాడు, బేరమాడలేదు. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ముందే ఫోన్ చేసి ఆటో చెప్పించుకుంటే మంచిది, ఆ మలుపులో ఎక్కువసేపు నిలబడాల్సి వస్తుంది.

"మహబూబ్ భాయ్ గుంట కాడికా?" అన్నాడు ఆటో అతను, నేను ఊరి పేరు చెప్పగానే. నలభై ఏళ్ళుంటాయి, మఫ్లర్ తలకు చుట్టుకుని ఉన్నాడు. "చేపలు సచ్చినయట గద. ఆ తమ్ముడే మళ్ల రాత్రి దొంగతనంగ వచ్చి కలిపి పోయిండంట."

"ఎవరు చూశారు?" అని అడిగాను.

"చూసుడేంది మేడమ్, ఊర్ల అందరు అనుకుంటుండ్రు. ఇయ్యాల మాపటికి పోలీస్ స్టేషన్ల కేసు పెడుతరంట."

ఆ మాట విన్నాక దారి పొడుగునా ఇంకేమీ పట్టించుకోలేకపోయాను. రెండు పక్కలా మిరపతోటలు ఎర్రగా ఉన్నాయి, పత్తి చివరి ఏరుడు నడుస్తోంది. నేను మాత్రం గుంటలో ఏం కనబడుతుందోనని, కనబడినదాన్ని ఎలా చెప్పాలోనని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళుగా చేప పేగులు కోసి చూపిస్తున్నాను గానీ, నేను చెప్పే మాట మీద ఒక మనిషి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళడమో వెళ్ళకపోవడమో ఆధారపడడం ఎప్పుడూ లేదు.

మహబూబ్ గుంట గట్టు మీద కూర్చుని ఉన్నాడు. యాభైకి దగ్గర పడిన మనిషి. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి లేచి సలాం చేశాడు గానీ, నా రాక అతనికి ఇష్టమైనట్టు లేదు. రహమత్ బీ నా చేతిలోని పెట్టె అందుకుంది. గాలి తోసిన మూలలో ఇంకా కొన్ని చేపలు పొట్ట పైకి పెట్టుకుని తేలుతున్నాయి. అన్నీ పెద్దవే. బొచ్చెలు, రోహులు, ఇంకో నెలా రెండు నెలల్లో అమ్మకానికి వచ్చేవి. నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి, మొప్పలు బయటికి విచ్చుకుని ఉన్నాయి. చిన్న చేపలు మాత్రం నీటి పైపైన మూతులు పెట్టి తిరుగుతున్నాయి. గట్టు వారన నత్తలు మామూలుగానే పాకుతున్నాయి.

ముందు నీటిలో థర్మామీటర్ ముంచాను. పద్దెనిమిది డిగ్రీల దగ్గర ఆగింది. తర్వాత సీసాలో నీళ్ళు పట్టి, కిట్టులోని చుక్కలు వేశాను. ప్రాణవాయువు సరిపడా ఉన్న నీటికి వచ్చే ముదురు రంగు రాలేదు, వెలిసిపోయినట్టు వచ్చింది. గుంటలో నాలుగు చోట్ల వెదురు గడలకు చిల్లుల సంచులు కట్టి ఉన్నాయి. తవుడు, పల్లిచెక్క కలిపి అందులో పోస్తే చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. ఒక సంచిని పైకి లాగమన్నాను. మేత సగానికి సగం అలాగే ఉంది, పులిసిన వాసన వస్తోంది. సంచి కింద బురదను కర్రతో కదిపితే కుళ్ళు వాసనతో బుడగలు వచ్చాయి.

"మేత ఎంత వేస్తున్నారు?" అని మహబూబ్‌ను అడిగాను.

"నిరుడు నష్టమైంది గద మేడమ్. ఈసారి జల్ది పెరగాలని డబుల్ చేసిన. చలికాలం బలం ఉండాలని నిరుటి లెక్కనే మాపటికి గూడ ఇంకోసారి ఏస్తున్న" అన్నాడు. తర్వాత చిరాగ్గా, "మేతకేముంది మేడమ్, మందు సంగతి చూడుండ్రి" అన్నాడు.

ఐసులో పెట్టిన రోహును ఒక ఖాళీ గోనెసంచి మీద పరిచి పొట్ట కోశాను. ఎప్పుడూ విద్యార్థుల ముందు చేసే పనే. ఆ రోజు మాత్రం గట్టు మీద ఊరివాళ్ళు ఏడెనిమిది మంది చేరారు. రోహుకు మనకున్నట్టు జీర్ణాశయం ఉండదు. పొడవాటి పేగు చుట్టలు చుట్టలుగా ఉంటుంది, దాని ముందు భాగం మాత్రం కాస్త ఉబ్బి సంచిలా ఉంటుంది. ఈ చేపలో ఆ ముందు భాగం పగిలిపోతుందేమో అన్నంత బిగుసుకుని ఉంది. కత్తెరతో చీల్చగానే తవుడు, పల్లిచెక్క గింజలు గింజలుగా, సంచిలో ఉన్నట్టే బయటికి వచ్చాయి. వాటితోపాటు పుల్లటి వాసన. వెనక పేగులో మేత లేదు, పల్చటి జిగురు మాత్రమే ఉంది. పేగు గోడ అక్కడక్కడా ఎర్రగా కమిలి ఉంది. రెండో చేప కోశాను, అదీ అంతే. మూడోది బొచ్చె, దాని పేగూ అలాగే ఉంది.

మహబూబ్‌ను దగ్గరికి రమ్మని పిలిచాను. "ఇది నిన్నటిదే కాదు, మొన్నటి మేత కూడా అయి ఉండవచ్చు. ఏమీ అరగలేదు, చూడండి" అన్నాను. అతను వంగి చూశాడు.

"మన ఒంట్లో వేడి చలికాలమైనా ఎండాకాలమైనా ఒకేలా ఉంటుంది భాయ్. చేపకు అలా కాదు. నీళ్ళు ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్ళూ అంత చల్లబడుతుంది. మేతను అరిగించే రసాల్లో ఎంజైములని ఉంటాయి. పిండిని విడగొట్టేది ఒకటి, మాంసకృత్తులను విడగొట్టేది ఒకటి. చల్లబడితే అవి నెమ్మదిస్తాయి. ఎండాకాలంలో కొన్ని గంటల్లో అరిగే మేత ఈ రోజుల్లో చాలాసేపు అలాగే పడి ఉంటుంది. దాని మీద మళ్ళీ వేస్తే పేగు ఉబ్బుతుంది, చేప నీరసపడుతుంది. తినకుండా మిగిలింది అడుగున కుళ్ళుతుంది. కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఉన్న ప్రాణవాయువును అదే లాగేస్తుంది. మబ్బు పట్టి ఎండ లేని రోజుల్లో నీటిలో కొత్తగా ప్రాణవాయువు కూడా సరిగా పుట్టదు. తెల్లారుజాముకు అది పూర్తిగా తగ్గిపోతుంది. పెద్ద చేపలకు ఎక్కువ కావాలి కాబట్టి ముందు అవే పోతాయి."

మహబూబ్ ఆ పేగులోని తవుడును వేళ్ళతో నలిపి చూశాడు. తర్వాత అడిగాడు. "అంటే నా చేతులతోనే సచ్చినయా?"

"తెలియక జరిగింది" అన్నాను.

అతను నా మాట విననట్టే ఇంకో మాట అడిగాడు. "నిరుడు గూడ ఇదేనా?"

గట్టు మీద ఉన్నవాళ్ళంతా నా మొహం చూశారు. అవునని చెప్పేస్తే అక్కడితో అయిపోతుందని నాకు తెలుసు. కానీ నేను నిరుటి చేపలు చూడలేదు. ఆ మాటే చెప్పాను. "చూడనిదాని గురించి ఖాయంగా చెప్పలేను భాయ్. మీకు గుర్తున్నది చెప్పండి. అప్పుడు చచ్చినవి పెద్దవా, చిన్నవా? కప్పలు, నత్తలు కూడా చచ్చాయా?"

జవాబు రహమత్ బీ ఇచ్చింది. "పెద్దయే మేడమ్. చిన్నయి బతికినయి. వాటినే గద ఈ ఏడు పెంచినం. అప్పుడు గూడ నోర్లు గిట్లనే తెరుసుకొని ఉండె. నత్తలు, కప్పలు మంచిగనే ఉండె. ఆ మాపు కప్పలు ఒర్లుతుంటే మా ఆయననే, ఇవి గూడ సావకపోయె అని తిట్టిండు."

"మందు కలిస్తే ముందు చిన్నవి పోతాయి, నీటి పురుగులు పోతాయి, కప్పలు కూడా నిలవవు" అన్నాను. "ఖాయమని అనను. కానీ మీరు చెబుతున్నది వింటే అప్పుడు కూడా గాలి అందకే చచ్చాయనిపిస్తోంది. ఈ చేపల ముక్కలు, నీళ్ళు మందు పరీక్షకు పంపుతాను. రిపోర్టు రావడానికి పది రోజులు పడుతుంది."

"అయితే రిపోర్టు రానియ్యుండ్రి. అది వచ్చినంక ఖాజా కాడికి పోదాం" అన్నాడు మహబూబ్.

రహమత్ బీ భర్త వైపు తిరిగింది. గొంతు పెద్దది చేయలేదు. "నిరుడు ఏ రిపోర్టు చూసి తమ్ముణ్ణి ఎల్లగొట్టినవ్?"

అతను గట్టు దిగి, గడలకు కట్టిన సంచులన్నీ ఒక్కొక్కటే విప్పి ఒడ్డున పడేశాడు. ఊరివాళ్ళు తలో దిక్కుకు వెళ్ళిపోయారు. మహబూబ్ చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చాడు. "నడువుండ్రి" అన్నాడు. నేను కూడా రావాలని రహమత్ బీ నా చేయి పట్టుకుంది. చేప పేగు సంగతి తాము చెబితే ఖాజా నమ్మడని ఆమె భయం. నేను ఎలాగూ హైదరాబాద్ తిరిగి వెళ్ళాలి, నాగర్‌కర్నూల్ మీదుగానైనా వెళ్ళవచ్చు. బయలుదేరేముందు గుంటలోకి బోరు నీళ్ళు వదలమని, పైనుంచి ధార పడేలా పైపు కట్టమని, ఎండ వచ్చేదాకా మేత పూర్తిగా ఆపమని పక్క పొలం అతనికి చెప్పించాను.

ఆ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకు చెబుతున్నాను. మేము అదే ఆటోలో హైవేకు వచ్చి, హైదరాబాద్ వైపు బస్సు ఎక్కి పెబ్బేరులో దిగాము. అక్కడి నుంచి వనపర్తికి బస్సులు తరచుగానే ఉన్నాయి. వనపర్తి చేరేసరికి భోజనాల వేళ దాటిపోతోంది. బస్టాండు ఎదురుగా ఒక చిన్న హోటల్లో కూర్చున్నాము. వంట చేసే ఆమె పప్పు, జొన్న రొట్టె తెచ్చి పెట్టింది. రహమత్ బీ, నేను తిన్నాము. మహబూబ్ రొట్టె తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

"రొట్టె గట్టిగైందా అన్నా? వేడిది ఇయ్యాల్నా?" అని అడిగింది ఆమె.

"రొట్టె మంచిగనే ఉంది చెల్లె. నాకే తినబుద్ధైతలేదు" అన్నాడు. ప్లేటు పక్కకు జరిపి, బయటికి వెళ్ళి నిలబడ్డాడు. రహమత్ బీ అతని రొట్టెలను కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

వనపర్తి నుంచి గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ బస్సు. మహబూబ్ కిటికీ పక్కన కూర్చుని ఒక్కసారి మాత్రం మాట్లాడాడు. "మా అమ్మ పోయినప్పుడు ఖాజాకు ఆరేండ్లు మేడమ్. నేనే తానం చేపిచ్చేటోణ్ణి" అన్నాడు. మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

నాగర్‌కర్నూల్‌లో దిగేసరికి పొద్దు వాలుతోంది. ఖాజా అక్కడి చేపల మార్కెట్టులో పనిచేస్తున్నాడని రహమత్ బీకి తెలుసు. అడుగుతూ వెళ్ళాము. రేకుల కింద వరసగా కొట్లున్నాయి. మూడో కొట్టులో కత్తిపీట ముందు కూర్చుని ఒక సన్నటి మనిషి చేప పొలుసు తీస్తున్నాడు. ముప్పై ఏళ్ళ వాడు, మహబూబ్ మొహమే. తలెత్తి అన్నను, వదినను చూసి చేయి ఆపేశాడు.

"ఏమైంది భాభీ? ఎవరికన్న ఏమన్నైందా?" అన్నాడు భయంగా.

"అందరం మంచిగనే ఉన్నం" అంది రహమత్ బీ. "చేపలు మళ్ల సచ్చినయి."

అతను కత్తిపీట పక్కకు జరిపి లేచాడు. "ఈసారి గూడ నా మీదికే వచ్చిండ్రా?"

"లేదురా" అన్నాడు మహబూబ్. "నేనే మేత ఎక్కువేసిన. చలికి అరగక, అది కుళ్ళి సచ్చినయి. ఈ మేడమ్ కోసి చూపెట్టింది. నిరుడు గూడ అంతేనేమో. నువ్వు ఏం చెయ్యలే."

చేప కొనడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. ఖాజా నడుముకు కట్టుకున్న ప్లాస్టిక్ పట్టా విప్పి మేకుకు తగిలించాడు. "నేను కావాలని కలపలేదని నాకు తెల్వదా భయ్యా? ఈ ముచ్చట ఈడికొచ్చి నా చెవుల చెప్తే ఏమొస్తది? నన్ను కొట్టింది ఊరి నడుమ. ఆడ చెప్పు."

"చెప్త" అన్నాడు మహబూబ్. "ఈ శుక్రారం జుమ్మా నమాజు అయినంక, మసీదు ముంగట అందరి ముందట చెప్త."

ఖాజా కొట్టు యజమానికి చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాడు. నన్ను కూడా రమ్మన్నట్టు చూశాడు. కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో నెమ్మదిగా అడిగాడు.

"మేడమ్, నిజం చెప్పుండ్రి. ఆ మాపు మందు డబ్బా గుంట కాడనే కడిగిన. నీళ్ళు కొన్ని అండ్లకు జారినయి గూడ. కావాలని చెయ్యలే. గాని ఏడాది సంది నాకే అనుమానం. నా వల్లనే సచ్చినయేమో, భయ్యా కొట్టింది న్యాయమేనేమో అని. ఎవ్వరికి చెప్పలే, నా పెండ్లాం పర్వీన్‌కు గూడ చెప్పలే."

ఇలాంటి మాట వస్తుందని నేను అనుకోలేదు. పొద్దున గట్టు మీద చెప్పినట్టే ఇతనికీ చెప్పాను. చిన్న చేపలు బతికాయని, కప్పలు, నత్తలు బతికాయని, చచ్చినవి నోళ్ళు తెరిచి గాలి కోసం తన్నుకున్నవేనని చెప్పాను. "ఆ కడిగిన నీళ్ళే కారణమైతే అవి బతికేవి కావు. నేను చూడలేదు కాబట్టి ఒట్టు వేయలేను. కానీ నా తమ్ముడే అడిగినా నేను ఇదే చెబుతాను. డబ్బా మాత్రం ఇంకెప్పుడూ నీళ్ళ దగ్గర కడగవద్దు" అన్నాను.

అతను కుళాయి కట్టేయలేదు. రెండు చేతులూ నీళ్ళ కింద పెట్టుకుని అలాగే నిలబడి ఏడ్చాడు. నేను పక్కకు వచ్చేశాను.

వాళ్ళ ఇల్లు మార్కెట్టుకు దగ్గరే, ఒక గది, ముందు చిన్న వసారా. ఖాజా భార్య పర్వీన్ గుమ్మంలోకి వచ్చి రహమత్ బీని చూసి కౌగిలించుకుంది. నన్ను కూర్చోబెట్టింది. మహబూబ్‌ను చూడనట్టే లోపలికి వెళ్ళిపోయింది. అతను వసారాలోనే నిలబడిపోయాడు. ఖాజా లోపలికి వెళ్ళి జరిగిందంతా ఆమెకు చెప్పడం మాకు వినిపిస్తూనే ఉంది. కాసేపటికి చాయ్ వచ్చింది. మహబూబ్‌కు కూడా ఖాజాయే తెచ్చి ఇచ్చాడు.

పదినెలల పాప పాకుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. మహబూబ్ గ్లాసు కింద పెట్టి చేతులు చాచాడు. పర్వీన్ గబగబా వచ్చి పాపను ఎత్తుకుంది. ఆమె కోపంగా అనలేదు గానీ స్పష్టంగా అంది.

"ఇప్పుడొద్దు బావా. మందు కలిపినోని బిడ్డ అనిపించుకుంట పుట్టింది ఇది. మీరు ఊర్ల ఆ మాట చెప్పిన దినం, నేనే తెచ్చి మీ చేతుల పెడ్త."

"సరే బిడ్డా" అన్నాడు మహబూబ్. చాచిన చేతులు వెనక్కు తీసుకుని మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. చాయ్ మొత్తం తాగాడు. పొద్దుటి నుంచి అతను నోట్లో పెట్టుకున్నది అదే.

చీకటి పడుతుండగా ఖాజా నన్ను బస్టాండు దాకా వచ్చి హైదరాబాద్ బస్సు ఎక్కించాడు. శుక్రవారం సాయంత్రం రహమత్ బీ ఫోన్ చేసింది. నమాజు అయ్యాక మసీదు మెట్ల మీద నిలబడి మహబూబ్ అందరికీ చెప్పాడట. తమ్ముడి తప్పు లేదని, తానే తప్పు చేశానని, కొట్టినందుకు మాఫీ అడుగుతున్నానని చెప్పాడట. ఖాజా గుంపులో వెనక నిలబడి విన్నాడట. పర్వీన్ అన్న మాట ప్రకారం పాపను తెచ్చి ఆయన చేతుల్లో పెట్టిందట.

"అన్నదమ్ములు ఏం మాట్లాడుకున్నారు?" అని అడిగాను.

"ఏం మాట్లాడలే మేడమ్. పాప ఒకటే ఏడ్సుడు. కొత్త మొఖం గద, అలవాటు కావాలె."

తర్వాత కొన్ని రోజులకు పరీక్ష ఫలితం వచ్చింది. నీళ్ళలోగానీ చేపల్లోగానీ మందు జాడ లేదు. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే రహమత్ బీ, "మంచిది మేడమ్, ఆడనే ఉండనియ్యుండ్రి. దాంతోని మాకు పని అయిపోయింది" అంది. ఖాజా కాపురం మాత్రం నాగర్‌కర్నూల్‌లోనే ఉంది. సెలవు రోజున వచ్చి గుంట చూసి వెళుతున్నాడట.

చలికి ఎంజైములు నెమ్మదిస్తాయన్న సంగతి నేను ప్రతి ఏడాదీ బోర్డు మీద ఒక గీత గీసి చెప్పి, తర్వాతి పాఠానికి వెళ్ళిపోయేదాన్ని. ఈ ఏడాది ఆ గీత గీశాక కాసేపు ఆగాను. చలికాలంలో మేత తగ్గించాలని, మబ్బు పట్టిన రోజున పూర్తిగా ఆపాలని రైతుకు ఎవరో ఒకరు ఇంటికి వెళ్ళి చెప్పాలని, ఆ మాట చేరకపోతే పోయేవి చేపలు మాత్రమే కాదని పిల్లలకు చెప్పాను. పేర్లు చెప్పలేదు. మహబూబ్ ఆ వసారాలో చేతులు వెనక్కు తీసుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. నేను చూసి చెప్పగలిగింది చేప పేగులో ఉన్నది మాత్రమే. మిగతా అంతా వాళ్ళే, ఒకరి మొహం ఒకరు చూస్తూ చేసుకోవాల్సి వచ్చింది.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒకటే సలహా. మానవపాడు వైపు నుంచి నాగర్‌కర్నూల్‌కు నేరుగా బస్సు కోసం ఎదురుచూడకుండా పెబ్బేరులో ఒకసారి, వనపర్తిలో ఒకసారి మారండి. మీరు కూడా మాటలు తెగిపోయిన మనిషిని కలవడానికే వెళుతుంటే మాత్రం, తిరుగు ప్రయాణానికి టైం పెట్టుకోకండి.